డెజర్ట్ మిల్క్‌వీడ్ మొదళ్లు పసుపెక్కుతున్నాయి. నీళ్లు చాలకనా, ఎక్కువయ్యా?

చాండ్లర్ చేమంతి (చాండ్లర్, అరిజోనా)

గడ్డి పీకించి కంకర పోయించిన ముందు పెరట్లో మూడు డెజర్ట్ మిల్క్‌వీడ్‌లు ఉన్నాయి (పాలు కారే ఎడారి మొక్కలు, సీతాకోకచిలుకలు వీటి మీద గుడ్లు పెడతాయట). 5 గాలన్ల కుండీ మొక్కలు, అక్టోబరులో నాటినవి. పడమటి గోడ పక్కన కాబట్టి ఎండకి లోటు లేదు. రెండు బాగున్నాయి. మూడోదానికి నేల దగ్గర కాడలు పసుపెక్కాయి, నొక్కితే మెత్తగా ఉన్నాయి. మూడింటికీ కొసల్లో నువ్వుగింజ కన్నా చిన్న పసుపు పురుగులు గుంపులుగా ఉన్నాయి. డ్రిప్ రోజు విడిచి రోజు 20 నిమిషాలు. ఉన్న నాలుగు ఆకులూ ఎప్పుడో రాలిపోయాయి. నీళ్లు పెంచాలా? వేపనూనె కొట్టొచ్చా? ఈ పుల్లల కోసం సీతాకోకచిలుకలు వస్తాయంటే ఇంట్లో ఒక్కరూ నమ్మడం లేదు.

డ్రిప్ మామయ్య (మీసా)

నీళ్లు పెంచడం కాదండి, ముందు ఆపండి. మొదలు మెత్తబడిందంటే అది దాహం కాదు, కుళ్లు. దాహమైతే కాడలు కొస నుంచి కిందికి ఎండుతూ వస్తాయి, సన్నగా ముడతలు పడతాయి, మొదలు మాత్రం గట్టిగానే ఉంటుంది. మీది కింది నుంచి మొదలైంది.

రోజు విడిచి రోజు 20 నిమిషాలంటే గంటకి 1 గాలన్ ఎమిటర్‌తో (డ్రిప్ గొట్టానికి నీళ్లు చుక్కలుగా వదిలే మూతి) గాలన్‌లో మూడో వంతు. పైన మూడు నాలుగు అంగుళాలు ఎప్పుడూ తడిగా ఉంటాయి, కింద పొడిగా ఉంటుంది. వేరు లోతుకి దిగదు, మొదలు ఊపిరాడక కుళ్లుతుంది. రెండు నష్టాలూ ఒకేసారి.

రెండు ఎమిటర్లు, ఒక్కోటి గంటకి 1 గాలన్‌ది, 3 గంటలు నడపండి. 6 గాలన్లు అవుతాయి. తరవాత బారు స్క్రూడ్రైవరో సన్న ఇనుప చువ్వో నేలలోకి గుచ్చండి. తడిలో సులువుగా దిగుతుంది, పొడి తగిలిన చోట ఆగిపోతుంది. 18 నుంచి 24 అంగుళాలు దిగిందా, చాలు. దిగలేదా, ఇంకో గంట. అంతే తప్ప రోజులు పెంచకూడదు. వేరు కుదురుకున్న మొక్కకి వేసవిలో రెండు మూడు వారాలకోసారి, వసంతంలో, శరత్తులో రెండు నుంచి నాలుగు వారాలకోసారి, చలికాలంలో నెల దాటినా ఫరవాలేదు. మీవి అక్టోబరు మొక్కలు కాబట్టి ఈ మొదటి వేసవి మాత్రం వారానికోసారి.

ఎమిటర్లు కాండానికి ఆనుకుని ఉంటే అడుగు దూరం జరపండి. నాటిన రోజు మొదట్లో పెట్టి మరిచిపోవడం అందరూ చేసే పొరపాటు.

మట్టిచేతులు (టూసాన్)

పై జవాబుకి ఒక్కటి కలుపుతా. మూడింట్లో ఒకదానికే కుళ్లు వచ్చింది, డ్రిప్ మూడింటికీ ఒకటే. అంటే ఆ గోతి కింద ఏదో ఉంది. కాలిచీ అయి ఉంటుంది. మన పొలాల్లో సుద్దగడ్డ అంటామే, అదే సున్నం పేరుకుని రాయిలా బిగిసిన తెల్ల పొర. ఫీనిక్స్, టూసాన్ చుట్టుపక్కల ఒకే పెరట్లో ఒక చోట ఉంటుంది, ఆరడుగుల అవతల ఉండదు.

పరీక్ష ఇలా: గొయ్యి తీసి నిండా నీళ్లు పోసి ఇంకనివ్వండి. మళ్లీ నింపి 4 గంటల తరవాత కొలవండి. కనీసం 4 అంగుళాలు దిగకపోతే అక్కడ నాటకండి. పొర పలచగా ఉంటే గడ్డపారతో అడుగంతా పొడవడం కాదు, ఒక్క చోట అరడుగు పైన వెడల్పుతో పొర అవతలికి బెజ్జం పెట్టాలి. నీళ్లు అందులోంచి దిగిపోతాయి. పొర మందంగా ఉంటే చోటు మార్చడమే తెలివి.

గొయ్యి వెడల్పు వేరుముద్దకి రెండు మూడు రెట్లు, లోతు వేరుముద్దంతే. కంపోస్టు, ఎరువు, కొబ్బరిపొట్టు ఏదీ కలపొద్దు. గుల్ల మట్టి నింపిన గొయ్యి గట్టి నేలలో కుండలా నీళ్లు పట్టి కూర్చుంటుంది. తీసిన మట్టే మళ్లీ వేయాలి. నత్రజని ఎరువేస్తే లేత కాడ వస్తుంది, దాని వెనకే పేనుబంక వస్తుంది.

రెక్కలలెక్క (గిల్బర్ట్)

ఆకులు రాలాయని దిగులొద్దు. దీని శాస్త్రీయ నామం ఆస్క్లీపియాస్ సుబ్యులాటా. ఆకు దారంలా సన్నగా వచ్చి, తడి తగ్గగానే రాలిపోతుంది. ఎండలో వంట చేసేది ఆ బూడిదాకుపచ్చ కాడలే. సోనోరన్, మొహావే ఎడారుల్లో వాగుల ఇసుక ఒడ్డున మొలిచే మొక్క. మూడు నాలుగడుగులు నిటారుగా లేస్తుంది. బతికుందో లేదో తెలియాలంటే గోటితో కాడ మీద చిన్నగా గీరండి. పాలొస్తే బతికున్నట్టే. గీరిన వేలు మాత్రం కంటి దగ్గరికి పోనివ్వకండి.

పసుపు పురుగులు గన్నేరు పేనుబంక. ఫీనిక్స్‌లో వీధికో గన్నేరు కంచె ఉంది కాబట్టి వాటికి కొదవ లేదు. అన్నీ ఆడవే, మగతో పని లేకుండా పిల్లల్ని కంటాయి, అందుకే వారంలో గుంపు కడతాయి. గన్నేరు, నందివర్ధనం, జిల్లేడు, మిల్క్‌వీడ్ అన్నీ ఒకే కుటుంబం మరి.

వేపనూనె వద్దు. సబ్బునీళ్లూ వద్దు. పేనుబంక ఉన్న కొసలోనే సీతాకోకచిలుక గుడ్డు కూడా ఉంటుంది. నూనె పేనునీ, గుడ్డునీ, గొంగళినీ ఒకే తీరుగా ఊపిరి బిగించి చంపుతుంది. పొద్దున్నే గొట్టం నీళ్లు కొట్టండి, రెండు వేళ్లతో కాడని వెనక నుంచి పట్టుకుని. ముందు గుడ్లున్నాయేమో చూడండి: గుండుసూది తలంత, మీగడ రంగు, పొడవునా సన్న గీతలు, ఎప్పుడూ ఒంటరిగా ఉంటుంది. అది ఉన్న కాడని వదిలేసి పక్క కాడలు కడగండి. రెండు మూడు రోజులకోసారి, మూడు సార్లు. గోధుమరంగులో ఉబ్బి కదలని పేలు కనిపిస్తే వాటిని ఉంచండి, లోపల పరాన్నజీవి కందిరీగ పిల్ల ఉంది. అది బయటికొచ్చి మిగతా పని చూసుకుంటుంది.

కరివేపాకుకి వేపనూనె, కూరమొక్కలకి బీటీ (బాక్టీరియాతో చేసిన పురుగుమందు) కొట్టేవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. గాలి వీచే వైపు మిల్క్‌వీడ్ ఉంటే ఆ తుంపర చాలు. బీటీ అసలు గొంగళిపురుగుల్ని చంపడానికే తయారైంది, ఇది మంచిదీ అది చెడ్డదీ అని దానికి తేడా తెలియదు.

డ్రిప్ మామయ్య (మీసా)

కొనే చోట కూడా అడగాలి. మచ్చ లేకుండా, ఒక్క పేను లేకుండా మెరిసే మిల్క్‌వీడ్ కనిపిస్తే అనుమానించండి. ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందు మట్టిలో పోస్తే కాడంతా పాకుతుంది, నెలల తరబడి లోపలే ఉంటుంది. కడిగితే పోదు. కాస్త పేను పట్టిన మొక్కే నమ్మకమైన మొక్క. ఫీనిక్స్‌లో డెజర్ట్ బొటానికల్ గార్డెన్ వసంతంలో, శరత్తులో మొక్కల అమ్మకం పెడుతుంది, స్థానిక జాతులు అక్కడ దొరుకుతాయి.

చాండ్లర్ చేమంతి

నీళ్లు ఆపేశాను. పెద్ద నర్సరీలో ఎర్రపూల మిల్క్‌వీడ్ కూడా ఉంది, ఆకులు నిండుగా ఉన్నాయి. పుల్లల బదులు అదే నాలుగు పెట్టేస్తే? పైగా ఈ మధ్య ఒక లావు నల్ల కందిరీగ వచ్చి పువ్వుల మీద వాలుతోంది. నారింజ రెక్కలు, వేలంత ఉంది. పిల్లలు బయటికి రావడానికి భయపడుతున్నారు.

రెక్కలలెక్క (గిల్బర్ట్)

ముందు కందిరీగ సంగతి. దాన్ని టరాంటులా హాక్ అంటారు. సాలీడుని కుట్టి, చచ్చుబడేసి, బొరియలోకి ఈడ్చుకెళ్లి పిల్లకి ఆహారంగా పెడుతుంది. పువ్వు మీదికి మాత్రం తేనెకే వస్తుంది. కుడితే ఆ నొప్పి పురుగుకాట్లలో పైమెట్టుది, ఐదు నిమిషాల పాటు మనిషి కేకలు పెట్టాల్సిందే. అయితే దానంతటది మీద పడదు, పట్టుకున్నా తొక్కినా కుడుతుంది. మగదానికి కొండీయే లేదు. పిల్లలకి చెప్పాల్సింది ఒక్కటే: పువ్వులున్నప్పుడు చెప్పుల్లేకుండా మొక్క దగ్గరికి వెళ్లొద్దు, చెయ్యి పెట్టొద్దు. నడిచే దారికి, తలుపుకి నాలుగడుగుల దూరంలో నాటితే ఏ పేచీ లేదు.

ఎర్రపూలది ట్రాపికల్ మిల్క్‌వీడ్, ఆస్క్లీపియాస్ కురసావికా. మెక్సికో, దక్షిణ అమెరికా వైపుది. వద్దంటాను. సీతాకోకచిలుకల్ని పట్టే ఓ.ఈ. అనే సూక్ష్మ పరాన్నజీవి ఉంది. తల్లి ఒంటి మీద పొడిలా ఉండే దాని బీజాలు ఆకు మీద రాలతాయి, గొంగళి ఆకుతో పాటు ఆ పొడినీ తింటుంది, రెక్కలు విప్పుకోలేని సీతాకోకచిలుక పుడుతుంది. చలికి చచ్చి మళ్లీ చిగిర్చే మొక్కయితే పాత ఆకులతో ఆ పొడీ పోతుంది. చలి లేని చోట ట్రాపికల్ ఏడాదంతా పచ్చగా ఉండి పొడిని కూడబెడుతుంది, వలస వెళ్లాల్సిన మోనార్క్ సీతాకోకచిలుకని ఆపేస్తుంది కూడా. కాలిఫోర్నియాలో కొన్ని కౌంటీలు 2022లో దాని అమ్మకాన్నే ఆపేశాయి.

మట్టిచేతులు (టూసాన్)

ఇక్కడ కొంచెం విభేదిస్తా. ట్రాపికల్ వద్దన్నంత వరకు సరే. కానీ డెజర్ట్ మిల్క్‌వీడ్ కూడా ఫీనిక్స్ లోయలో చలికాలం పూర్తిగా చావదు. అది మనదే కదా అని వదిలేస్తే దాని మీదా పొడి చేరుతుంది. జాతి మంచిదైతే చాలదు, కత్తిరింపూ ఉండాలి.

రెక్కలలెక్క (గిల్బర్ట్)

ఒప్పుకుంటున్నా. కాకపోతే ఎంత కత్తిరించాలన్నదే గొడవ. ఫిబ్రవరిలో అన్ని కాడలూ ఒకేసారి నేలమట్టం చేస్తే ఇది మెల్లిగా లేస్తుంది, వసంతంలో వచ్చే మోనార్క్‌కి గుడ్డు పెట్టే చోటు ఉండదు.

మట్టిచేతులు (టూసాన్)

అందుకే వంతులు. ముదిరి బూడిదరంగు తిరిగిన కాడల్లో మూడో వంతు ఫిబ్రవరి చివర, మంచు భయం పోయాక, నేలకి రెండంగుళాల పైన కోయాలి. మరుసటేడు ఇంకో మూడో వంతు. మూడు మొక్కలుంటే ఏడాదికొకదాన్ని అరడుగు ఎత్తుకి తగ్గించినా సరే. కోసే ముందు కాడ కాడా చూడాలి, గుడ్డు, గొంగళి, కోశం (ప్యూపా) లేదని తేల్చుకోవాలి. కత్తెరని మొక్కకీ మొక్కకీ మధ్య ఆల్కహాల్‌తో తుడవాలి.

చేయకూడనిది: తోటపని కుర్రాళ్లకి అప్పజెప్పి ఊరుకోవడం. వాళ్ల చేతిలో మోటారు కత్తెర ఉంటే కనిపించిన ప్రతి పొదా బంతి అవుతుంది. ఈ మొక్క పువ్వులు కాడ కొసల్లోనే పూస్తాయి. బంతి చేశారంటే పువ్వు లేదు, తేనె లేదు, గుడ్డు లేదు. మొక్క పక్కన ఓ రంగుకర్ర పాతి 'దీన్ని ముట్టొద్దు' అని చెప్పేయండి.

జిల్లేడుపువ్వు (అనంతపురం)

అన్నా, మీరు చెప్పేదంతా మా కాడ జిల్లేడుకి అచ్చంగా సరిపోతాది. పాలు, దూదిపింజల గింజలు, పసుపు పేను, గొంగళి అన్నీ ఉండాయి. ఇక్కడ దాని మీద పడేది ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక. మీ మోనార్క్‌కి చుట్టమే కదా?

రెక్కలలెక్క (గిల్బర్ట్)

దగ్గరి చుట్టమే, మూడూ డనౌస్ ప్రజాతివే: మీ ప్లెయిన్ టైగర్ డనౌస్ క్రిసిప్పస్, మోనార్క్ డనౌస్ ప్లెక్సిప్పస్, ఇక్కడ ఎక్కువగా కనిపించే క్వీన్ డనౌస్ గిలిప్పస్. గొంగళి దశలోనే తేడా పట్టొచ్చు. మోనార్క్ గొంగళికి నల్ల మీసాల్లాంటివి రెండు జతలు, తల దగ్గరొకటి, తోక దగ్గరొకటి. క్వీన్‌కి మూడు జతలు, నడుం మీద అదనంగా ఇంకోటి. ప్లెయిన్ టైగర్‌కీ మూడే.

నడి వేసవిలో ఫీనిక్స్ లోయలో కనిపించేవి దాదాపు అన్నీ క్వీన్‌లే. 2023లో జూన్ 30 నుంచి జూలై 30 దాకా వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారెన్‌హీట్ తాకింది ఇక్కడ, ఆ వేడికి మోనార్క్ నిలవదు. శరత్తులో, మళ్లీ వసంతంలో అది వస్తుంది. అరిజోనాలో గుర్తు అంటించి వదిలిన మోనార్క్‌లు కొన్ని మెక్సికోలో, కొన్ని కాలిఫోర్నియా తీరంలో దొరికాయి, రెండు దార్లకీ ఇది కూడలి. 2024 డిసెంబరులో అమెరికా వన్యప్రాణి శాఖ మోనార్క్‌ని ముప్పున్న జాతుల్లో చేర్చాలని ప్రతిపాదించింది కూడా.

జిల్లేడుపువ్వు (అనంతపురం)

జిల్లేడాకు మీద గొంగళి తినేది గమనించినారా? నేరుగా కొరకదు. ముందు ఈనెని అడ్డంగా నాలుగైదు చోట్ల కొరికి పక్కకి జరుగుతాది. పాలన్నీ ఆ గాట్ల కాడ కారిపోతాయి. అప్పుడు గాటుకి అవతల, పాలు రాని కొసవైపు కూర్చుని తింటాది. చిన్న పిల్ల గొంగళి అయితే గుండ్రంగా గీత గీసుకుని ఆ గుండ్రం లోపలే మేస్తాది. తొందరపడినదాని మూతికి జిగురు అంటుకుని చచ్చిపోతాది.

పువ్వు కూడా చూడండి. మధ్యలో కిరీటం పక్కన సన్న చీలికలుంటాయి. తుమ్మెద కాలు అందులో జారితే నల్ల క్లిప్పు లాంటిది కాలికి తగులుకుంటాది, దానికి తక్కెట్లో రెండు పళ్లాల మాదిరి పసుపు పుప్పొడి సంచులు. లాగితే రెండూ వస్తాయి.

మట్టిచేతులు (టూసాన్)

డెజర్ట్ మిల్క్‌వీడ్ పువ్వులోనూ అదే ఏర్పాటు. లేత మీగడ రంగు, రేకులు వెనక్కి మడిచి, పొడవాటి ఐదు దొప్పలు నిటారుగా నిలబడతాయి. బలం చాలని చిన్న తేనెటీగ కాలు ఇరుక్కుని అక్కడే వేలాడుతూ కనిపిస్తుంది ఒక్కోసారి. రోగం కాదు అది.

చాండ్లర్ చేమంతి

జిల్లేడుకి చుట్టం అంటున్నారు కదా, రథసప్తమికి ఈ ఆకులు పనికొస్తాయా? ఇక్కడ జిల్లేడాకు దొరకడం గగనం.

డ్రిప్ మామయ్య (మీసా)

ఏడు దారప్పోగులు తలమీద పెట్టుకుని స్నానం చేయాలంటే చేయండి, ఆకెక్కడుందండీ దానికి. పైగా తెంపిన చోట పాలు కారతాయి, నెత్తి మీద నుంచి నీళ్లతో కంట్లోకి దిగితే పండగ ఆసుపత్రిలో. మిల్క్‌వీడ్ పాలు కంటి కార్నియాని (నల్లగుడ్డు మీది పారదర్శక పొరని) దెబ్బతీస్తాయి, చూపు మసకబారుతుంది. మొదట నొప్పి లేకపోవచ్చు, కొన్ని గంటల తరవాత మొదలవుతుంది. పడితే వెంటనే 15 నిమిషాలు ధారగా నీళ్లు, తరవాత కళ్ల డాక్టరు. కోసేటప్పుడు చేతి తొడుగులు, కళ్లద్దాలు. కుక్కపిల్ల ఉన్న ఇంట్లో కోసిన కాడలు కింద వదలొద్దు, గుండెకి చేటు చేసే విషం ఉంది వాటిలో. ఆ విషాన్నే గొంగళి ఒంట్లో దాచుకుని పిట్టల నోటికి చేదవుతుంది.

డాలస్ దోసపాదు (ఫ్రిస్కో, టెక్సస్)

గింజలు ఎవరైనా పంపగలరా? మా దగ్గర నల్లమట్టి, ఎండ బాగానే ఉంటుంది.

మట్టిచేతులు (టూసాన్)

మీకు ఇది నప్పదండి. మీది గుంటూరు నల్లరేగడి తమ్ముడు. తడిస్తే పట్టుకుంటుంది, చలికాలం తడి మీద మంచు. వేరు కుళ్లడం ఖాయం. మీ నేలకి పుట్టిన మిల్క్‌వీడ్ ఉంది, యాంటిలోప్ హార్న్స్ అంటారు. ఆస్క్లీపియాస్ ఆస్పెరులా, ఆస్క్లీపియాస్ విరిడిస్ రెండూ మీ వైపువే. మోనార్క్ మార్చి, ఏప్రిల్‌లో, మళ్లీ అక్టోబరులో మీ మీదుగానే వెళుతుంది. వాటి గింజకి చలి చూపించాలి: తడి ఇసుకలో కలిపి ఫ్రిజ్‌లో నాలుగు నుంచి ఆరు వారాలు.

డెజర్ట్ మిల్క్‌వీడ్ గింజకి ఆ చలి అక్కర్లేదు. ఇక్కడివాళ్ల కోసం రాస్తున్నా. కాయ పగుళ్లివ్వక ముందే రబ్బరు బ్యాండు వేయండి, లేదంటే ఒక్క గాలికి గింజంతా పక్కింటి కంకరలో ఉంటుంది. కాయ విచ్చుకుని గింజ గోధుమరంగుకి వచ్చాక, దూది కొసని గట్టిగా పట్టుకుని గింజల్ని వేలితో కిందికి దువ్వితే గింజ ఒక పక్క, దూది ఒక పక్క. ఎర్ర, నల్ల చారల మిల్క్‌వీడ్ నల్లులు కాయకి గుచ్చి గింజ రసం పీలుస్తాయి, అలాంటివి తేలిగ్గా, ముడతలుగా ఉంటాయి, పారేయండి. మార్చి చివర, ఏప్రిల్‌లో విత్తాలి. పావు అంగుళం లోతు, సగం ఇసుక కలిపిన మట్టి. వేరు తిన్నగా కిందికి పోతుంది కాబట్టి కుండీ కనీసం అడుగు లోతుండాలి, ట్రేలో వేస్తే వేరు మెలిక పడి నాటాక కుదురుకోదు. పది రోజుల్లో, మహా అయితే రెండు వారాల్లో మొలుస్తుంది. మొలిచాక పై మట్టి ఆరనిస్తూ ఉండాలి, లేదంటే మొలక మొదట్లో నల్లబడి పడిపోతుంది.

రెక్కలలెక్క (గిల్బర్ట్)

పెరట్లో ఒక్క మొక్క పెట్టి ఆశపడకండి, నాలుగైదు గొంగళులు పడితే మొగ్గ, పువ్వు, కాడ పై పచ్చతోలు అన్నీ గీకేస్తాయి. మూడు నుంచి ఐదు మొక్కలు, మధ్య మూడు నాలుగడుగులు. తినేసిన కాడ మళ్లీ చిగురిస్తుంది, భయం లేదు. చోటు ఉంటే సాయంత్రం నీడపడే వైపు అరిజోనా మిల్క్‌వీడ్ ఒకటి పెట్టండి. ఆస్క్లీపియాస్ అంగుస్టిఫోలియా దాని పేరు. లేత ఆకు ఉంటుంది, నీళ్లు ఎక్కువ అడుగుతుంది, మోనార్క్‌కి అదే ఎక్కువ ఇష్టం.

ఇంకో మాట. మగ క్వీన్‌లు గుంపులుగా రావాలంటే మిల్క్‌వీడ్ కాదు, గ్రెగ్స్ మిస్ట్‌ఫ్లవర్ పెట్టాలి. ఆ నీలిపూల రసంలోని క్షారాల నుంచే అవి ఆడవాటిని ఆకర్షించే వాసన తయారుచేసుకుంటాయి. మన వైపు ప్లెయిన్ టైగర్‌లు జనుము జాతి మొక్కల చుట్టూ మూగేది కూడా అందుకే. మిస్ట్‌ఫ్లవర్‌కి మధ్యాహ్నం నీడ, వేసవిలో వారానికి రెండు తడులు తప్పవు. అందుకని దాన్ని మిల్క్‌వీడ్ డ్రిప్ లైను మీద పెట్టకండి, వేరే వాల్వు.

చాండ్లర్ చేమంతి

మూడోదాన్ని తవ్వాను. 14 అంగుళాల కింద తెల్ల పొర, దాని మీద నీళ్లు నిలిచి మట్టి కంపు. వేర్లు గోధుమరంగు, తోలు ఊడొస్తోంది. మిగతా రెండింటి మీద మొన్నటి దాకా ఆరు గొంగళులున్నాయి, మూడు జతల మీసాలవే. ఇవాళ ఒక్కటీ లేదు. పిట్టలు తినేశాయా?

మట్టిచేతులు (టూసాన్)

ఆ గోతిలో కొత్త మొక్క పెట్టకండి. ఆరడుగులు జరిపి నీళ్ల పరీక్ష చేసి నాటండి. ఇప్పుడు కాదు, అక్టోబరు దాకా ఆగండి. మే, జూన్‌లో నాటితే మీరు నీళ్లతో దాన్ని కాపాడాలని చూస్తారు, అదే దాన్ని చంపుతుంది.

రెక్కలలెక్క (గిల్బర్ట్)

రెండంగుళాలకి దగ్గరగా లావుగా ఎదిగినవే అయితే తినబడలేదు, కోశం కట్టుకోవడానికి వెళ్లాయి. ఇరవై ముప్పై అడుగులు కూడా పాకుతాయి. పెరటి గోడ పైవరస కింద, కుర్చీ అడుగున, కుండీ అంచున, గ్యాస్ మీటరు వెనక చూడండి. వేరుశనగ గింజంత లేతాకుపచ్చ కోశం, పైన బంగారు చుక్కలు. వారం నుంచి రెండు వారాలు అలాగే వేలాడుతుంది, ముందురోజు నల్లబడితే చచ్చిందనుకోకండి, లోపలి రెక్క రంగు బయటికి కనిపిస్తోందంతే. చెత్తడబ్బా మూత అంచు వాటికి చాలా ఇష్టమైన చోటు. ఈసారి డబ్బా రోడ్డు మీదికి తోసేముందు మూత కింద ఓసారి చూడండి.